ఏడో కార్డు నుంచి పదిహేడో కార్డు దాకా

హలో… ఆ… నేనే, మావయ్యని. ఎవరనుకున్నావు, లోన్ కావాలా అని అడిగేవాళ్ళనుకున్నావా?

పొద్దున్నుంచి నాలుగు సార్లు చేశాను—

ఫోను లోపలికి తేనివ్వరా? ఆఫీసా అది, ఆపరేషన్ గదా?… సరేలే, భోజనం టైమైతే తింటూనే విను. నేనా? తినలేదు. తినబుద్ధి కాలేదు.

తాళాలాయన నన్ను పొమ్మన్నాడు.

…తాళాలాయనే! మా షెడ్డు ఓనరు. మొలకి తాళాలగుత్తి కట్టుకుని, గంట కట్టిన ఎద్దులా తిరుగుతాడే, చిన్నప్పుడు చూసి నవ్వేదానివి… ఆ, ఆయనే. పొమ్మనలేక పొగబెట్టడం కూడా కాదు. మొహం మీదే పొమ్మన్నాడు. పదిమందిలో. "మేస్త్రీ, నీ కన్ను పోయింది" అన్నాడు.

నాతో!

ముప్పై రెండేళ్ళు, కోడలా. ఏడో క్లాసు మానేసి రంగు డబ్బా పట్టుకున్నవాణ్ణి. ఆ షెడ్డుకి నలుగురు కార్లేసుకుని వస్తున్నారంటే ఆయన తాళాలు చూసా? నా కన్ను చూసి.

ఏం జరిగిందంటే… ఒక టీచరమ్మ కారు. ఎనిమిదేళ్ళ బండి. ఎండకి ఎండి, వానకి తడిసి, కంపెనీ వేసిన రంగు ఎప్పుడో మారిపోయింది. నీలమూ కాదు, ఆకుపచ్చా కాదు. నెమలి మెడ మీద రెండూ కలిసేచోటు ఉంటుందే, ఆ రంగు. కుడి తలుపు సొట్టపోయింది. సొట్ట తీశారు, పుట్టీ పెట్టారు, రుద్దారు, రంగు దగ్గరికి వచ్చేసరికి నేను. కంప్యూటర్లో నంబరు కొడితే వచ్చే రంగు కొత్త బండికి సరిపోతుంది. పాత బండికి అతకదు. ఆ ఎనిమిదేళ్ళ ఎండని డబ్బాలో కలపాలంటే నేనే కలపాలి. కార్డు మీద కొట్టాను, ఆరబెట్టాను, బండి పక్కన పెట్టి చూశాను. రెండు చుక్కలు పసుపు, ఒక చుక్క నలుపు… అతికినట్టు సరిపోయింది. నా కళ్ళతో నేను చూశాను!

తర్వాతేముంది? బండి ఎండలోకి తీశారు. ఆవిడ అటు నడిచింది, ఇటు నడిచింది. "ఏంటండీ, పక్కింటి తలుపు తెచ్చి బిగించారా?" అంది.

నవ్వకు.

…నవ్వలేదా? నాకు వినపడింది.

ఆ రంగు డబ్బాలో తేడా ఉంది, నేను ఎప్పుడో చెప్పాను. కొత్త సరుకు, చవక సరుకు. అదే చెప్తే, "ఆడలేక మద్దెల ఓడు అన్నట్టుంది మేస్త్రీ" అన్నాడు తాళాలాయన. సామెతలు కూడా నా మీదే.

సరే, ఇదంతా నీకెందుకు చెప్తున్నానంటే… ఒక కాగితం కావాలి.

కాగితమే. మీ ఆఫీసు ముద్ర వేసి. "ఫలానా మాత్రలు వేసుకుంటే వేళ్ళ వాపు తగ్గును, కళ్ళకి ఏమీ కాదు" అని. రెండు ముక్కలు చాలు. తీసుకెళ్ళి ఆయన బల్ల మీద కొడతాను.

…ఎందుకంటే మీ అత్త ఒకటి అంటించింది. "ఆ ఆసుపత్రివాళ్ళు కొత్తమాత్ర పరీక్ష అని ఇచ్చినప్పట్నుంచే మీ చూపు తేడాగా ఉంది" అని. ఇంట్లో అంటే పోనీలే. టిఫిను డబ్బా ఇవ్వడానికొచ్చి షెడ్డులో అంది. ఇక తాళాలాయన పని కోతికి కొబ్బరికాయ దొరికినట్టయింది.

ఆసుపత్రిలోనా? అడిగాను. ఆ నర్సమ్మ ఏమడిగినా "రోజూ ఒంట్లో ఎట్లా ఉందో రాయమని పుస్తకం ఇచ్చాంగా, అందులో రాయండి" అంటుంది. ఇంకో మాట రాదు. డాక్టరుగారు నెలకోసారి కనపడతాడు, అదీ నా వేళ్ళు చూస్తాడు, నన్ను చూడడు.

మీ పనే అది కదా. నువ్వే కదా చెప్పింది, "మావయ్యా, మేం మందుని చూడం, ఒంట్లో మందు పోయే దారుల్ని చూస్తాం" అని. నీ మాట నాకు ఎక్కకపోతే నేనే కదా గాలిపైపు లెక్క చెప్పింది. షెడ్డులో కంప్రెసర్ ఒకటే. దాన్నుంచి మూడు గన్నులకి పైపు. మొదటి గన్నుకి గాలి ఆపుదామని మర తిప్పితే, గోడ అవతల మూడో గన్ను దగ్గుతుంది. ఎందుకూ? గోడలో పైపు ఎట్నుంచి ఎటు పోయిందో ఎవరూ చూడలేదు కాబట్టి. నువ్వు ఎగిరి గంతేశావు. "అచ్చం అదే మావయ్యా! ఒంట్లో పైపులన్నీ గీసుకుని, ఈ మాత్ర ఏ మర తిప్పుతుంది, దానివల్ల ఇంకెక్కడ గన్ను దగ్గుతుంది, మనిషి మింగకముందే చెప్తాం" అన్నావు. అన్నావా లేదా?

అన్నావు. వేళ్ళ వాపుకి గాలి పోసే పైపుని మూస్తుంది ఈ మాత్ర అని కూడా నువ్వే చెప్పావు. పరీక్షలో చేరమన్నదీ నువ్వే. బాగుంది. వేళ్ళు బాగున్నాయి. కాదనను.

మరి ఆ పైపు కంటికి పోదు కదా. ఆ ముక్కే రాసివ్వండి.

…

హలో?

ఉన్నావా? 

చెప్పకూడదంటే? నేనేమన్నా పేపరువాణ్ణా? మీ అమ్మకి అన్నని. నీకు జ్వరమొస్తే భుజానేసుకుని ఊరి ఈ చివర్నుంచి ఆ చివరికి నడిచినవాణ్ణి… నాకు చెప్పకూడదా?

ఏ జాబితా? ఈ మాత్ర వల్ల ఎక్కడెక్కడ గన్ను దగ్గొచ్చో రాసుకున్నదా?

…ఆగు, ఆగు. నెమ్మదిగా. పొడుగు పేర్లొద్దు… ఆ… కంటి వెనకాల పొర. రంగులు పట్టేది. దానిక్కూడా అదే పైపు… అదే పైపుకి పిల్లపైపు.

మీ జాబితాలో పద్నాలుగోది.

అంటే మీకు తెలుసు.

తెలుసు! ఒసేయ్, మీకు తెలుసు! నేను ముప్పై రెండేళ్ళ పేరుని రోడ్డు మీద పోసుకుని, రంగు డబ్బావాణ్ణి తిట్టి, తాళాలాయన్ని తిట్టి, కట్టుకున్నదాన్ని తిట్టి… మీరు ఏసీ గదిలో కూర్చుని పద్నాలుగో నంబరు వేసి పెట్టుకున్నారు!

అనుమానమా? మనిషి మింగేదాకా అన్నీ అనుమానాలే. మింగాక తెలుసుకోవడానికి మీరెందుకు, నేను చాలు!

…ఎవరు? స్కేలు సారా? మీ పై ఆయనా… పేరు బాగుంది. ఏం చేశాడు?

పన్నెండో వరుస కింద స్కేలు పెట్టి గీత గీశాడు.

గీత గీశాడు… కింద ఉన్నవి కొట్టేసినట్టేనా? ముప్పై అనుమానాలొస్తే ముప్పైకీ పరీక్షలు చేయలేరా. అవున్లే, ఖర్చు. గుండె పైన ఉంది, కాలేయం పైన ఉంది, కన్ను రెండు వరుసలు కిందికి జారింది. ఆయన కూతురి కన్ను అయితే స్కేలు ఇంకో రెండంగుళాలు కిందికి పోయేది కాదా? అడిగావా?

…అడిగావా! నిజంగా? నువ్వు? మీ అమ్మ గొంతు వింటేనే బల్ల కింద దూరేదానివి… ఏమన్నాడు?

…ఊఁ.

…ఊఁ.

మళ్ళీ చెప్పు.

"అరవైమంది అయిదు నెలలుగా మింగుతున్నారు. అరవై పుస్తకాల్లో ఒక్కరన్నా కళ్ళ దగ్గర అవును అని పెట్టారా" అన్నాడు.

…

వింటున్నాను. లైనులోనే ఉన్నాను.

నా పుస్తకమా? నా పుస్తకంతో నీకేం పని.

ఉంది, టీవీ పక్కన… తియ్యక్కర్లేదు. నాకు తెలుసు ఏముందో.

"లేదు" అని ఉంది.

అన్నిరోజులూ "లేదే". నేను రాసింది నాకు గుర్తుండదా? రోజూ ఎవడు రాస్తాడమ్మా. పనినుంచి వచ్చి, థిన్నరు వాసన వదిలేదాకా స్నానం చేసి, అన్నం తిని, అప్పుడు పెన్ను పట్టుకుని… శనివారం శనివారం రాస్తాను. తలనొప్పి లేదు, కడుపునొప్పి లేదు, దద్దుర్లు లేవు, నిద్ర ఉంది, కళ్ళు లేదు… రాయడం కూడా కాదు. పైన ఒక "లేదు" వేసి కిందదాకా గీత లాగేస్తాను.

మీ సారు అడ్డంగా గీశాడు, నేను నిలువుగా గీశాను. చాలా?

…నువ్వేమీ అనలేదు. నేనే అనుకున్నాను.

ఎందుకు పెట్టానా? నా కన్ను బాగుంది కాబట్టి!

ఇందాక పోయిందన్నట్టు అరిచానా? అది కోపం. ఇప్పుడు చెప్తున్నది నిజం. నా కన్ను బాగానే… చూడు, కళ్ళు మండితే రాస్తాను. నీళ్ళు కారితే రాస్తాను. మసకైతే రాస్తాను. అవేమీ లేవు. పేపరు చదువుతున్నాను, సూదిలో దారం ఎక్కిస్తున్నాను. రంగులు తేడాగా కనపడితే కదా తేడా ఉందని తెలిసేది! నాకు అన్నీ సరిగ్గానే కనపడుతున్నాయి. తేడా అంతా జనానికే.

…ఎన్ని బళ్ళా? ఇది ఒక్కటే.

సరే, రెండు.

మూడు. మూడు నెలల్లో మూడు. మొదటిసారి సరుకు బాగాలేదన్నాను. రెండోసారి షెడ్డులో ట్యూబులైట్లు పాడయ్యాయన్నాను. తాళాలాయన ఎనిమిది లైట్లు కొత్తవి పెట్టించాడు, పాపం… పాపమేంటి, ఆయనకేం. మూడోది ఇది.

కర్టెను సంగతి నీకెవరు చెప్పారు? మీ అత్తేనా? మీ ఇద్దరికీ నేను తప్ప వేరే కబుర్లు లేవా! ఆకుపచ్చ తెమ్మంటే నీలం తెచ్చింది, అన్నాను. ఆకుపచ్చే అంది. పక్కింటావిడని పిలిచి అడిగింది, నా పరువు తీయడానికి. ఆవిడా ఆకుపచ్చే అంది. ఇద్దరూ కూడబలుక్కున్నారనుకున్నాను.

…

కోడలా, ఒక మాట చెప్తాను, మీ అమ్మకి చెప్పకు.

రాస్తే మాత్ర ఆపేస్తారని కూడా ఉంది. మనసులో. ఎక్కడో. మొదటి బండి అప్పుడే ఒక చిన్న పురుగు తొలిచింది. శనివారం పెన్ను పట్టుకుని కళ్ళ దగ్గర ఒక్క క్షణం ఆగాను… ఆగి, గీత లాగేశాను. నీకు తెలీదు, పోయినేడాది నేనెట్లా ఉన్నానో. స్ప్రే గన్ను ఒంటిచేత్తో నొక్కలేక రెండు చేతుల్తో పట్టుకునేవాణ్ణి, చిన్నపిల్లాడు చెంబు పట్టుకున్నట్టు. చొక్కా గుండీలు మీ అత్త పెట్టేది. వేళ్ళు తిరిగొచ్చాయి కదా, ఇంక దేవుణ్ణి ఎక్కువ ప్రశ్నలడక్కూడదు అనుకున్నాను.

ఊఁ.

…ఏడవకు. నీదేం తప్పు. నువ్వు పద్నాలుగో నంబరు వేశావుగా. నేను నీ నంబరు కొట్టేయించాను, అంతే.

పరీక్షా? ఇప్పుడా? ఏ పరీక్ష?

ఆ కార్డులా… నీకింకా గుర్తున్నాయా? గోడకి మేకు మీద వేలాడుతుంటే లాగి కింద పోసేదానివి. ఉన్నాయి. ఇరవై నాలుగు. నేను చేసినవే, కొత్తగా పని నేర్చుకునేవాళ్ళ కోసం. ముదురు నీలంతో మొదలై ఆకుపచ్చ దాకా, కార్డుకీ కార్డుకీ రెండే చుక్కల తేడా. వెనకాల నంబర్లు… కలిపి మళ్ళీ వరుసగా పెట్టాలా? ఛీ, అది పిల్లలాట. నిద్రలో లేపి చేతికిచ్చినా పెడతాను.

పెడతాననే అంటున్నాగా! కిటికీ దగ్గరే పెడతాను, మంచి వెలుగుంది. ఉండు, స్పీకరు వేస్తాను.

ఇదిగో… ఏమే! ఆ మేకు మీద రంగు కార్డుల కట్ట ఇట్లా తే… మన మేనకోడలే, పెద్ద డాక్టరమ్మ, నాకు పరీక్ష పెడుతోంది. కలుపు. బాగా కలుపు, పేకముక్కల్లా… నవ్వుతావేంటే? నంబర్లు కిందికి. నేను చూడను.

ఆ, మొదలెట్టాను కోడలా.

ఇది ఒకటి. ఇది రెండు… నీలం నీలమే, ఎక్కడికి పోతుంది. మూడు… నాలుగు…

ఇది… ఊఁ, ఇది.

మాట్లాడకు, చూడనీ.

ఇది ఇక్కడ. కాదు, ఇక్కడ… ఏమే, వెలుగుకి అడ్డం నిలబడకు. జరుగు.

ఇవి రెండూ… వీటి మీద దుమ్ము పట్టింది. పాతవి కదా. తుడుద్దాం… ఆ.

అయిపోయింది. చూడు, ఎట్లా ఉందో. నీటి మీద రంగు పోసినట్టు. ఎక్కడా అతుకు లేదు. ఇప్పుడేం చేయాలి? తిప్పి నంబర్లు చదవాలా? చదువుతాను, ఏముంది.

ఏమే, నువ్వు తిప్పు. నేను చదివితే మళ్ళీ నమ్మదు ఈ పిల్ల. ఎడంచేతి నుంచి. గట్టిగా చెప్పు, నేను ఫోన్లో చెప్తాను.

ఒకటి.

రెండు. మూడు. నాలుగు. అయిదు. ఆరు. చెప్పానా!

పన్నెండు.

పన్నెండేంటే? ఏడు చూడు. సరిగ్గా చూడు, కళ్ళజోడు పెట్టుకో…

పన్నెండు.

తొమ్మిది… పదిహేను.

ఏడు… పదిహేడు… ఎనిమిది.

ఆగకు. చదువు.

పదహారు. పది. పదమూడు. పదకొండు… పద్నాలుగు.

…

పద్దెనిమిది. పంతొమ్మిది. ఇరవై. అక్కణ్ణుంచి అన్నీ వరుసగానే ఉన్నాయి. ఇరవై నాలుగు దాకా.

…

మీ అత్తా? కుర్చీ తెచ్చి నా వెనకాల పెట్టింది.

ఆ, కూర్చున్నాను.

చూడటానికి ఇప్పటికీ వరుసగానే ఉన్నాయి కోడలా. తిప్పి చూసినా వరుసగానే ఉన్నాయి. నంబర్లు అబద్ధం చెప్తున్నట్టుంది. నా చేత్తో నేనేసిన నంబర్లు.

…మాత్ర మానేస్తే తిరిగొస్తుందా?

తెలీదా.

సరే. ఈ అయిదు నెలల్లో "తెలీదు" అన్నదానివి నువ్వొక్కదానివే. మిగతావాళ్ళం అందరం "లేదు" అన్నాం.

ఏంటి? ఇవాళ మీటింగా? ఎన్నింటికి?… నాలుగింటికి. ఎవరెవరు కూర్చుంటారు? స్కేలు సారు, ఆసుపత్రి డాక్టరుగారు, కంపెనీవాళ్ళు… సంతకాలు పెట్టాక?

ఈ మాత్ర రెండువేలమందికి.

కంటిపరీక్ష ఉండదా వాళ్ళకి? అవున్లే, గీత కింద ఉందిగా.

రెండువేలమందిలో కరెంటుపనివాడు ఒకడన్నా ఉంటాడే… వేళ్ళ వాపు వాళ్ళకీ ఉంటుంది. నీలం తీగా ఆకుపచ్చ తీగా వాడికి ఒకటే కనపడితే? నాకైతే తలుపు మారింది. వాడికి ప్రాణం మారుతుంది. వాడూ "లేదు" అనే పెడతాడు. నాకు తెలుసు వాడు. వాడికి అన్నీ సరిగ్గానే కనపడతాయి.

ఎవరు చెప్పాలి? నువ్వు చెప్తే?… మేనమామ మాట పట్టుకొచ్చావంటాడు. మింగినవాడే చెప్పాలి. సరే.

పేరు రాస్తారా? నంబరేనా. నాది ముప్పై ఒకటి… ఏం లేదు, తాళాలాయన మళ్ళీ రానిచ్చినా, ఇది తెలిస్తే ఇంక నా చేతికి రంగు గన్ను ఇవ్వడు. పుట్టీ రుద్దే పని ఇస్తాడు. అదీ ఎన్నాళ్ళు, మాత్ర ఆపితే వేళ్ళు మళ్ళీ నానిన గింజల్లా వాస్తాయి. అటు నుయ్యి, ఇటు గొయ్యి, మధ్యలో మీ సారు స్కేలు.

…లేదు, భయపడట్లేదు. ఒళ్ళు మండుతోంది. ఎవరిమీద మండాలో తెలీక ఇంకా మండుతోంది. నీ సారు మీద మండుదామంటే నా గీత అడ్డమొస్తోంది. నా మీద మండుదామంటే… వదిలెయ్.

తాళాలాయనకి నేనే చెప్తాను. రేపు. ఆ ఎనిమిది లైట్ల సంగతి కూడా చెప్పాలి.

కలుపు డాక్టరుగారిని. ఇప్పుడే కలుపు, ఇంకో గంటాగితే మళ్ళీ నేను రంగు డబ్బావాణ్ణి తిట్టడం మొదలెడతాను… ఆ, నువ్వు కూడా లైనులో ఉండు. మధ్యలో మాట్లాడకు. ఏడవకు.

ఏమే, ఆ పుస్తకం ఇట్లా ఇవ్వు… కార్డులు ముట్టుకోకు. అట్లాగే ఉండనీ.

…

హలో… డాక్టరుగారా? నేనేనండీ, ముప్పై ఒకటో నంబరు… లేదండీ, వేళ్ళు బాగున్నాయి. వేళ్ళ గురించి కాదు.

నా పుస్తకంలో ఒక వరుస తప్పు రాశాను. దిద్దాలి.

కళ్ళు… అవును.

ఎప్పట్నుంచంటే… మూడో నెల నుంచి. ఖాయంగా. అంతకుముందు నుంచీ ఉందేమో చెప్పలేను, గీత లాగేశాను.

నొప్పి లేదండీ. మంట లేదు. మసక లేదు. రంగులండీ… నీలానికీ ఆకుపచ్చకీ మధ్య. నా దగ్గర ఇరవై నాలుగు కార్డులున్నాయి, నేను చేసినవే, కార్డుకీ కార్డుకీ రెండు చుక్కల తేడా. ఇప్పుడే పేర్చి చూసుకున్నాను.

ఎంత పోయిందంటారా? రాసుకోండి.

మొదటి ఆరూ ఉన్నాయి. చివరి ఏడూ ఉన్నాయి. ఏడో కార్డు నుంచి పదిహేడో కార్డు దాకా పోయాయండీ.

పదకొండు.